బావ దించిన తుపాకి

ఆ వీడియోలో నా నోరు తెరిచి ఉంటుంది, శబ్దం ఉండదు. మా ఊరి బజారులో ఒక బట్టల దుకాణం మీద బిగించిన కెమెరాలో పడిన చిన్న ముక్క అది. ముందు మా బావ కనిపిస్తాడు, రెండు గొట్టాల తుపాకి భుజానికి ఆనించి. ఆయన వెనక, పడిపోయిన స్కూటర్ పక్కన నిలబడి, చెయ్యి చాచి నేనేదో అరుస్తుంటాను. కాసేపటికి బావ తుపాకి దించేస్తాడు. అక్కడితో వీడియో ఆగిపోతుంది. నేనేం అరిచానో కెమెరాకు తెలియదు. ఊరు మాత్రం తనకు తెలుసనుకుంది. అది తప్పని తెలిసి కూడా మూడు వారాలు నేను నోరు మూసుకున్నాను.

ముప్పై ఐదేళ్ళుగా హేతువు గురించి మాట్లాడుతూ, రాస్తూ బతికినవాణ్ణి. మనిషి తన మాటకు కారణం చెప్పగలగాలి అంటాను. కాబట్టి నా మౌనానికి కూడా కారణం చెప్పాలి. అది అసూయ. దానికి ఇంతకంటే మర్యాదైన పేరు వెతికాను, దొరకలేదు.

మా ఊరు కరీంనగర్‌కు గంట బస్సు దూరంలో ఉన్న చిన్న పట్టణం. మగవాళ్ళు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేస్తారు. ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. మా అక్కను ఇదే ఊళ్ళో ఇచ్చారు. బావ సైన్యంలో పదిహేడేళ్ళు చేసి తిరిగొచ్చాడు. లైసెన్సు తీసుకుని సొంత తుపాకి కొనుక్కుని, ఒక బ్యాంకు ముందు కాపలా పనికి కుదిరాడు. మా వైపు బ్యాంకులు ఇలాంటి వాళ్ళనే వెతుక్కుంటాయి, మనిషి తన తుపాకితో సహా వస్తాడు కాబట్టి. ఎన్నికలు ప్రకటించినప్పుడల్లా ఆ తుపాకిని ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. బావ ఆ రసీదును కూడా బట్టల మడతల మధ్య పెట్టుకునేవాడు.

నేను జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. పంతొమ్మిదేళ్ళ వయసు నుంచి ఆదివారాలు కరీంనగర్‌లోని ఒక చర్చా వేదికకు పోతున్నాను. చేతబడి, ముహూర్తాలు, కులం, వితంతువుల బొట్టు, అన్నిటి మీదా అక్కడ కొట్లాడుకున్నాం. మా వేదికకు ఒక కఠినమైన నియమం ఉండేది. ఎదుటి పక్షం వాదాన్ని ముందు నువ్వు చెప్పాలి. ఎదుటివాడు లేచి "అవును, నా మాట ఇదే" అని ఒప్పుకున్నాకే ఖండించాలి. ఆ నియమం నాకు మాట నేర్పింది, పేరు తెచ్చింది. మా ఇంట్లో మాత్రం ఆ పేరుకు విలువ లేదు.

మా అమ్మ బతికున్న రోజుల్లో దసరాకు బావ తుపాకిని ఇస్త్రీ చేసిన తువ్వాల మీద పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేది. ఇనుముకు మొక్కడం ఏమిటని ప్రతి ఏడూ వాదించేవాణ్ణి. ఒకసారి ఆమె విసిగిపోయింది.

"ఏంది కొడుకా, నీ పెన్నుకు గూడ బొట్టు వెట్టాల్నా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం పెట్టమనాలనే అనిపించింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఉంది. చేతబడి పేరుతో ఒక ముసలాయనను కొట్టి చంపిన ఊరికి పోయి, నిందితుల పేర్లు పెట్టి రాశాను. కొందరు ఫోనులో బెదిరించారు. మిత్రులు చెబితే తుపాకి లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. అవసరం రుజువు కాలేదని తిప్పి పంపారు. నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మరుసటి నెలలోనే సామాన్య పౌరుడి చేతికి తుపాకి ఎందుకు ఉండకూడదో వివరిస్తూ పెద్ద వ్యాసం రాశాను. దాన్ని ఫోటోకాపీలు తీసి పంచారు. ఆ వాదం తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే ఆ వాదం పుట్టిన చోటు శుభ్రమైనది కాదు.

బావను ఆ విషయం మీద వాదనకు లాగాలని చాలాసార్లు చూశాను. ఒక పండుగ నాడు అన్నం దగ్గర అడిగాను: దారిలో పోతుంటే ఎక్కడో కాల్పులు జరుగుతున్నాయి, నీ చేతిలో తుపాకి ఉంది, అది నీ డ్యూటీ కాదు, ఏం చేస్తావు?

"ఎదురువడ్డనాడు జూద్దాం బామ్మర్ది."

"అది జవాబు కాదు బావా. కొడ్తవా, కొట్టవా?"

"కూర జర ఇటు జరుపు."

నేను ఊరుకోలేదు. ఆయుధం ఉన్న పౌరుడు జోక్యం చేసుకుంటే ఎవరు దొంగో ఎవరు రక్షకుడో చూసేవాడికి తెలియదన్నాను. పోలీసు వచ్చి ఇద్దరినీ కాలుస్తాడన్నాను. గురి తప్పిన గుండుకు బాధ్యత ఎవరిదని అడిగాను. బావ నెమ్మదిగా తింటూ విన్నాడు. మా అక్క నా కంచంలో అన్నం పెడుతూ అంది: "నాలుగు మెతుకులు తిను తమ్మీ. ఆ దొంగ యాడికి వోడు, నువ్వు తిన్నంకనే వస్తడు."

వాదనలో గెలిచి ఓడిపోయినట్టు ఇంటికి పోయాను. ఆయన ఒక్క వాక్యం కూడా చెప్పకుండానే ఆ గదిలో అందరూ ఆయన వైపు ఉన్నారు. మాట్లాడి బతికేవాడికి, మాట్లాడకుండానే గౌరవం దొరికేవాణ్ణి చూస్తే కలిగే మంట ఎలాంటిదో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఆ కాల్పుల రోజు ఉదయం బావ బండి మెకానిక్ దగ్గరుంది. బ్యాంకు దగ్గర దింపమని అడిగితే స్కూటర్ మీద ఎక్కించుకున్నాను. తుపాకి గుడ్డ సంచిలో ఆయన మోకాళ్ళ మీద ఉంది. బజారు మలుపు తిరగగానే టప్ మని ఒక చప్పుడు. ఏదో సాంచా పట్టా తెగిందనుకున్నాను.

"ఆపు," అన్నాడు బావ.

నేను ఆపేలోపే కాలు కింద పెట్టేశాడు. స్కూటర్ పక్కకు ఒరిగి పడింది. బంగారం దుకాణం షట్టర్ సగం లేచి ఉంది. యజమాని మెట్ల మీద తొడ పట్టుకుని కూర్చున్నాడు, వేళ్ళ మధ్య నెత్తురు. ఒకడు మోటారుసైకిల్ ఇంజను ఆపకుండా పట్టుకుని ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకున్న ఇంకొకడు ఎడమ చేతిలో సంచి, కుడి చేతిలో నాటు పిస్తోలుతో లోపలి నుంచి వస్తున్నాడు. మాకు నలభై, యాభై అడుగుల దూరం. బావ సంచి విప్పడం నేను చూడలేదు. చూసేసరికి తుపాకిని మధ్యకు మడిచి తెరిచి, రెండు తూటాలు పెట్టి మూస్తున్నాడు. భుజానికి ఎత్తాడు. హెల్మెట్‌వాడు రోడ్డు దాటుతుంటే గొట్టం అతనితో పాటే కదిలింది.

అప్పుడు నేను అరిచాను.

"కొట్టు బావా. కొట్టు. కొట్టు."

తుపాకి వద్దని వ్యాసం రాసిన నేనే. అన్నం దగ్గర కారణాలు ఏకరువు పెట్టిన నేనే. నా బొంగురు గొంతుతో, ఒళ్ళంతా ఊగిపోతూ. నాకు ఆ హెల్మెట్ తప్ప లోకంలో ఇంకేమీ కనిపించలేదు.

బావ తుపాకి దించాడు. హెల్మెట్‌వాడు బండి ఎక్కాడు. దుకాణంలో పనిచేసే నడివయసు మనిషి పరుగెత్తుకొచ్చి వెనక కమ్మీ పట్టుకున్నాడు. దొంగ తిరిగి అతన్ని కాల్చాడు. గుండు మోచేతిలో దూరింది. బండి వెళ్ళిపోయింది. బావ రెండు తూటాలు బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. మెడలోని తువ్వాలతో ఆ మనిషి చెయ్యి బిగించి కట్టాడు. నేను స్కూటర్ లేపి నిలబెట్టాను. నేను చేసిన పని అదొక్కటే.

పది రోజులకు ఆ ఇద్దరూ ఆదిలాబాద్ దాటి మహారాష్ట్ర సరిహద్దు దగ్గర సంచితో సహా దొరికారు. యజమాని తొడ మానింది. దుకాణం మనిషి మోచెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా చాపడానికి రాదు.

వీడియో ఆ సాయంత్రానికే ఊరంతా తిరిగింది. చాయ్ హోటల్ దగ్గర బావను చూసి ఒకాయన అందరికీ వినిపించేలా అన్నాడు: "తుపాకి తీసుడెందుకు, లోపల వెట్టుడెందుకు? పెండ్లి ఫోటోకు నిలవడ్డట్టు." ఇంకొకాయన అందుకున్నాడు: "పాపం, గది అడివిపందులను బెదిరించే తుపాకి. మనుషుల మీదికి రాదు." బావ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి వచ్చేశాడు. కాపలాదారులను బ్యాంకులకు పంపే ఏజెన్సీ, ఠాణా వాళ్ళు విచారణ చేసేదాకా రావద్దంది. లైసెన్సు పొడిగింపు కాగితం కూడా అప్పుడే ఠాణాలో ఆగి ఉంది. లైసెన్సు పోతే తుపాకి పోతుంది, తుపాకి పోతే ఆ వయసులో ఆయనకు ఇంకో పని లేదు.

నాకు మాత్రం వేరే రకంగా నడిచింది. తుపాకులకు వ్యతిరేకంగా రాసినవాడిగా నన్ను నలుగురూ ఎరుగుదురు. వీడియోలో చెయ్యి చాచి అరుస్తున్నాను. ఆ వెంటనే బావ తుపాకి దించాడు. చూసినవాళ్ళు ఈ మూడింటినీ కలిపేసుకున్నారు. మర్నాడు కాలేజీలో ఒక సహోద్యోగి నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "సార్, మీరు ఆపకపోతే ఎంతమంది పోయేటోళ్లో. బజార్ల తుపాకి తీసుడేంది?"

లేదు, నేను ఆపలేదు అని అనవలసిన క్షణం అదే. నేను నేల చూశాను. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు.

తర్వాత అది తేలికైపోయింది. ఎవరు పొగిడినా ఔననను, కాదనను. ముప్పై ఐదేళ్ళు మాటలతో సంపాదించలేనిది, చేయని పనితో దొరుకుతోంది. బావ చేసిన ఒకే ఒక్క పని నా పేరు మీద తిరుగుతోంది. బావ ఇంట్లో కూర్చున్నాడు. చాయ్ హోటల్‌కు పోవడం మానేశాడు. అది చూసి బాధపడ్డానని రాయాలని ఉంది. నిజం రాయాలంటే, కొంత హాయిగా ఉండింది.

రెండో ఆదివారం కరీంనగర్ వేదికలో ఇదే విషయం మీద చర్చ పెట్టారు. దారిన పోతూ కాల్పులు చూసిన సాయుధ పౌరుడు కలగజేసుకోవాలా, వద్దా? వద్దనే పక్షం నాది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. నియమం ప్రకారం ఎదుటి పక్షం ముందుగా చెప్పాను, బాగా చెప్పాను: ఇంకొకరి ప్రాణం కాపాడే హక్కును చట్టం ప్రతి మనిషికీ ఇచ్చింది, పోలీసులు వచ్చేలోపు పోయే ప్రాణానికి ఎవరు జవాబు చెబుతారు, చేతిలో సాధనం ఉండి ఊరుకోవడం కూడా ఒక పనే, దానికీ ఫలితం ఉంటుంది. అవతలాయన లేచి అవునన్నాడు. అప్పుడు నా పక్షం చెప్పాను. హక్కు వేరు, నైపుణ్యం వేరు అన్నాను. భయంలో మనిషి కళ్ళకు ఒక్క వస్తువే కనిపిస్తుంది, చుట్టూ ఉన్నది మాయమవుతుంది అన్నాను. అది నా అనుభవమే. ఎవరి అనుభవమో చెప్పలేదు. అందరూ అది బావ గురించి అనుకున్నారు. అనుకునేలాగే మాట్లాడాను.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. మర్నాడు జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. గుంపు మీదికి కాల్చబోతున్న బంధువును సకాలంలో వారించిన అధ్యాపకుడి ప్రసంగం అని రాశారు. ఆ కత్తిరింపును డైరీలో పెట్టుకున్నాను.

మూడో వారంలో అక్క ఫోను చేసి రమ్మంది. పోయేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని పెసర్లు ఏరుతోంది. బావ గడప దగ్గర కూర్చున్నాడు.

"ఠాణాకు పిలిచిండ్రు మీ బావను," అంది అక్క. "ఎస్సై పేపర్ ముక్క చూపెట్టిండట. జనం మీదికి పేల్చవోతుంటే బామ్మర్ది ఆపిండు అని రాసుకుంటున్నరట. గట్ల రాస్తే లైసెన్సు రద్దేనట. నిన్ను గూడ పిలుస్తరు, రేపో ఎల్లుండో."

నేను ఇంకో పీట లాక్కుని కూర్చున్నాను.

"జర సక్కగ చెప్పు తమ్మీ. నువ్వు వద్దన్నవా?"

"ఆడ లొల్లి లొల్లి ఉండె అక్కా. ఏమన్ననో నాకే యాది లేదు."

అక్క చేతిలో చాట ఆగింది. అప్పుడు బావ వైపు చూశాను. నేను అరిచినప్పుడు ఆయన నాకు రెండు మూరల దూరంలో ఉన్నాడు. వినబడకుండా ఉండే అవకాశమే లేదు. ఆయన ఒక్క మాటతో నన్ను అక్కడే పడేయవచ్చు.

ఆయన చాటలోంచి కొన్ని పెసర గింజలు తీసుకున్నాడు.

"బామ్మర్ది, ఒక్క గుండు వోతది అనుకుంటరు అందరు. గిది చూడు."

తూటాలో తొమ్మిదో పదో సీసపు గుండ్లు ఉంటాయని చెప్పి, తొమ్మిది గింజలు లెక్కపెట్టి, దగ్గరి నుంచి పళ్ళెంలోకి విసిరాడు. అన్నీ ఒకే చోట పడ్డాయి. మళ్ళీ ఏరుకుని, వంటింటి ఈ చివర నుంచి ఆ చివర గోడకు విసిరాడు. గింజలు గోడ పొడుగూతా తగిలి చెల్లాచెదురుగా రాలాయి.

"గంత దూరంల గట్ల విచ్చుకపోతయి. ఆని వెనుక బీడీ కార్ఖాన గోడ. గోడకు ఆనుకొని ఏడుగురు ఆడోళ్ళు, తట్టలు ఒళ్ళె వెట్టుకొని. ఆడు ఎక్కడ నడిస్తె ఆడ ఎనుక ఒకామె."

"చప్పుడు ఇన్నంక గూడ ఉన్నరా?" అడిగాను. ఊరంతా అడుగుతున్న ప్రశ్న అదే. కెమెరాలో ఆ గోడ లేదు. కాల్పులు విన్నాక ఎవరు కూర్చుంటారు, పారిపోయి ఉంటారు, ఇతను సాకు చెబుతున్నాడు అంటున్నారు.

"ఉన్నరు. ఎందుకున్నరో నాకేం తెలుసు. ఉన్నరు గంతే."

అక్క లేచి గోడ దగ్గర పడ్డ పెసర్లు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఇంటికి తిరిగి పోతుంటే దారిలోనే నాకొక ఉపాయం తోచింది. ఆ ఆడవాళ్ళు అక్కడ ఉన్నట్టు సాక్ష్యం దొరికితే చాలు. బావ లైసెన్సు బతుకుతుంది, నేను ఏం అరిచానో ఎవరికీ అవసరం ఉండదు. ఇద్దరమూ బయటపడతాం. మరుసటి ఉదయమే బీడీ కార్ఖానాకు పోయాను. చుట్టిన బీడీలు అప్పగించడానికి వచ్చిన ఆడవాళ్ళు గోడకు వరసగా కూర్చున్నారు. ఆ రోజు ఇక్కడ ఎవరున్నారని అడిగాను.

యాభై దాటిన ఒకామె తల ఎత్తింది. "మేమే ఉన్నం సారూ."

"తుపాకి చప్పుడు ఇన్నంక ఉరకలేదా?"

"యాడికి ఉరుకుతం? తట్ట ఇడిసిపెడితె కట్టలు చెదురుతయి. చెదిరిన కట్టను లెక్క జూసే మున్షీ మొకం మీదనే పారేస్తడు, రోజంత చేసిన పని మట్టిల కలుస్తది. ఒళ్ళెకు గుంజుకొని తలకాయ వంచి కూసున్నం."

పక్కనున్నామె నవ్వింది. "మా అత్త అయితే తట్ట మీద బోర్ల పండుకున్నది."

ప్రాణం పోతుందన్న ఘడియలో వీళ్ళు బీడీలను కాపాడుకున్నారు. నేను పౌరశాస్త్రంలో పౌరుల గురించి ఎన్నో చెప్పాను, ఈ సంగతి మాత్రం నా ఊహకు అందలేదు. ఊరిలో ఇంకెవరికీ అందలేదు. బావ మాత్రం దాన్ని ఊహించనవసరం లేకుండా, కళ్ళతో చూశాడు.

"ఇదే ఠాణాల చెప్తరా?" అన్నాను.

"చెప్తం. లైను అయినంక వస్తం." ఆమె కట్ట దారం సర్దుకుంది. "ఆయన తుపాకి మా దిక్కు జూసింది, మల్ల కిందికి జూసింది. అది జెప్తం. మరి నీది గూడ జెప్పాల్నా సారూ?"

"నాదేంది?"

"కొట్టు కొట్టు అని ఒర్లినవు గద. మాకేమో అటు పిస్తోలు, ఇటు నీ నోరు. మా బిడ్డ మీ కాలేజిల్నే సదివింది. మీ సారు పానం తియ్యమంటున్నడే అని ఇంటికి వోయినంక దానికి చెప్పిన."

గోడ పొడుగునా నవ్వారు. కోపంతో కాదు, నిజంగానే నవ్వులాటగా. అందుకే ఆ నవ్వు ఎటు తిరిగినా తగిలింది. ఆమె నన్ను బెదిరించడం లేదు. చెప్పమంటే చెబుతుంది, వద్దంటే మానేస్తుంది. నా చేతిలోనే పెట్టింది.

ఆ రోజు ఇంటికి నడిచిపోతూ నా వాదాన్ని మొదటి నుంచి తిరగేశాను. తుపాకి ఉన్న మనిషి గురించే నేను ఇన్నాళ్ళూ రాశాను. అతనికి ఆవేశం, అతనికి గర్వం, అతనికి పొరపాటు అన్నాను. తుపాకి లేనివాడి గురించి ఒక్క పేరా రాయలేదు. ఆ ఉదయం బజారులో గుండు పేలాలని అందరికంటే గట్టిగా కోరింది ఖాళీ చేతులవాడు. పేలితే నా చేతికి నెత్తురు అంటదు, పేలకపోతే బావ పిరికివాడు. అంత సుఖమైన చోట నిలబడి మాట్లాడాను. చాయ్ హోటల్‌లో బావను ఎగతాళి చేసినవాళ్ళూ ఆ చోటనే కూర్చున్నారు. సాయుధ పౌరుడు కలగజేసుకోవద్దనే నా మాట ఇప్పటికీ అదే. ఎక్కువమంది బావలా చూడలేరు, నాలాగే హెల్మెట్ ఒక్కటే చూస్తారు. కాని ఆ మాట చెప్పే అర్హత నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వేదిక మీద చెప్పలేదు.

బావది కూడా పూర్తిగా ఒప్పని నేను తీర్పు ఇవ్వను. ఆయనే ఇచ్చుకోలేదు. ప్రతి గురువారం బస్సెక్కి కరీంనగర్ ఆసుపత్రికి పోయి ఆ మోచెయ్యి దెబ్బతిన్న మనిషి దగ్గర కూర్చునేవాడు. అతను ఒకసారి మొహం మీదే అన్నాడట: "నువ్వు కొట్టి ఉంటే నా చెయ్యి మంచిగ ఉండేది." బావ "ఉండేదే" అన్నాడట. అంతే. వివరణ లేదు, వాదన లేదు. అక్క ఇది చెప్పినప్పుడు కూడా నాకు ముందు కలిగింది ఈర్ష్యే. అంత పొట్టి జవాబు నేను జన్మలో చెప్పలేను.

మర్నాడు ఠాణాలో ఎస్సై కుర్చీ చూపించాడు. నా శిష్యుల వయసువాడు. వాంగ్మూలం సగం రాసి ఉంచాడు.

"మీ బావ పేల్చవోతుంటే మీరు ఆపిండ్రు. గంతే గద సారూ? చదువుకొని సంతకం వెట్టుండ్రి."

"గది తప్పు."

"ఏది?"

"ఆయనను ఎవ్వరు ఆపలే. ఎనుక ఆడోళ్ళున్నరని ఆయనే చూసి దించిండు. నేను కొట్టుమన్న. మూడుసార్లు అన్న."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. పేపరు ముక్క నా వైపు తిప్పాడు. "మరి గిదేంది? కరీంనగర్ మీటింగుల చెప్పిందేంది?"

"ఆడ అబద్ధం చెప్పలే. నిజం గూడ చెప్పలే."

"గిది రాస్తే మీ ఇజ్జత్ పోతది సారూ. ఎట్లైనా బయటికొస్తది. ఆడోళ్ళ సాక్ష్యం ఉంటే సాలు, మీరు ఏమన్నరో ఇడిసిపెడదాం. నాకు గూడ పని తక్కువ."

సరిగ్గా నేను వెతుక్కున్న దారే అది. ఎదురుగా, తలుపు తీసి, మర్యాదగా చూపిస్తున్నాడు. కాసేపు నిజంగానే ఆలోచించాను. కాని ఆ ముక్క వదిలేస్తే పేపరు వార్త అలాగే ఉంటుంది. బావ ఇంకొకడు ఆపితే ఆగిన మనిషిగా ఊళ్ళో మిగిలిపోతాడు. ఆగడం ఆయనది. ఆ ఒక్కటే నేను ఎత్తుకుపోయాను.

"రాయుండ్రి," అన్నాను.

మధ్యాహ్నం ఆ ఏడుగురూ వచ్చి చెప్పారు, వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. తుపాకి తీసిన మనిషి తన విచక్షణతోనే దాన్ని వాడకుండా ఆగాడని నివేదిక పోయింది. రెండు నెలలకు లైసెన్సు వచ్చింది. బ్యాంకు దగ్గర అప్పటికే వేరొకర్ని పెట్టుకున్నారు. బావ ఇప్పుడు కరీంనగర్ పొలిమేరలో ఒక గ్రానైటు యార్డు గేటు దగ్గర కూర్చుంటున్నాడు. నా సంగతి ఎస్సై చెప్పినట్టే ఊళ్ళోకి పాకింది. చాయ్ హోటల్‌లో నేను కనబడితే ఎవరో ఒకరు "కొట్టు బావా" అంటారు. వేదికవాళ్ళు రెండు నెలలు పిలవలేదు.

ఇవన్నీ తర్వాత జరిగినవి. ఆ రోజు వాంగ్మూలం ఇచ్చి బయటికి వస్తే, పోలీసులు పట్టుకొచ్చి గోడ పక్కన పెట్టిన మోటారుసైకిళ్ళలో ఒకదాని మీద బావ కూర్చుని ఉన్నాడు.

"అయ్యిందా?"

"అయ్యింది. నేను కొట్టుమన్న అని చెప్పిన."

ఆయన తల ఊపాడు.

"నీకు ఇనవడ్డది గద బావా. మూడు వారాలు ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్తా? నువ్వు ఒర్లినవని నేను కొట్టలే. నువ్వు ఒర్లినవని నేను ఆగలే." కుడి చేతి చూపుడువేలు తనే చూసుకున్నాడు. "కాని బామ్మర్ది, మూడోసారి ఒర్లినప్పుడు ఏలు బిగిసింది. నాకు తెలవకుంటనే బిగిసింది. నాలుగోసారి ఒర్లకపోతివి."

పక్కనున్న బండి హ్యాండిల్ పట్టుకున్నాను. నాలుగోసారి ఎందుకు అరవలేదో నాకు బాగా తెలుసు. వెనక ఆడవాళ్ళున్నారని కాదు, నా వ్యాసం గుర్తొచ్చి కాదు, హేతువు మేల్కొని కాదు.

"గొంతు ఎండిపోయింది బావా," అన్నాను. "అందుకే ఒర్లలే. ఇంకేం లేదు."

బావ నా మొహం వైపు చాలాసేపు చూశాడు. అన్నేళ్ళలో ఆయన నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"గది గూడ రాయించినవా లోపల?"

"లేదు."

"రాయించకు," అన్నాడు. "ఏలు సంగతి, గొంతు సంగతి మీ అక్కకు తెల్వద్దు."